చామంతి తోటకు గంటన్నర వెలుగు

జూలై 2

ఈ దేవస్థానం డైరీని మా ఆయన జనవరిలో తెచ్చిచ్చాడు. ఆరు నెలలుగా బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఈ రోజు దుమ్ము దులిపి మొదలుపెడుతున్నాను. మనసులో మాటలు రాసుకునే అలవాటు నాకు లేదు. లెక్క రాసుకోవాలి, అంతే.

లెక్క ఇది. బ్యాటరీ పన్నెండు వోల్టులు, నూటయాభై ఆంపియర్ అవర్. గుణిస్తే పద్దెనిమిది వందలు. తోటలో బల్బులు నలభై, ఒక్కొక్కటి తొమ్మిది వాట్లు, అన్నీ కలిపి మూడువందల అరవై. దీంతో ఆ పద్దెనిమిది వందలను భాగిస్తే అయిదు. రోజుకు అయిదు గంటల వెలుగు. శేషం కూడా లేదు. ఇంత శుభ్రంగా తెగిన లెక్క పదో తరగతిలో కూడా నాకు తగల్లేదు.

మొన్న ఆదివారం ఇదే లెక్క ఆయన ముందు పెట్టాను. మునికుమార్ తిరుపతి బస్సు డిపోలో మెకానిక్. ఏదో లాడ్జీలో ఇన్వర్టర్ సామాను మారుస్తుంటే ఈ పాత బ్యాటరీని అడిగి తెచ్చింది కూడా ఆయనే. కాగితం చూసి, "సగమే నమ్ముకోమే" అన్నాడు.

సగం అన్న మాట నాకు నచ్చలేదు. "నువ్వు దేన్నైనా సగమే నమ్ముతావు. నన్ను గూడా అంతే" అన్నాను. అక్కణ్ణుంచి మాట పోకూడని చోటికల్లా పోయింది. ఆయన తిరుపతిలో ఒక గదిలో, నేను ఇక్కడ పలమనేరు పక్కన ఊళ్ళో. ఇదేం కాపురమని ఆయన. అమ్మ పోతూ పోతూ నా పేరున పెట్టిన చేనును బీడు పెట్టి రాలేనని నేను.

చివరికి ఆయనే ఒక మాటకు వచ్చాడు. "దసరాకు పూలు కోసి సూపించు. సేను నీది, మళ్ళ నేను నోరెత్తను. పూలు రాకుంటే గుత్తకిచ్చేసి తిరపతికొచ్చెయ్."

సరే అన్నాను. ఆయన సంగటి ముట్టకుండా సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

అయిదు గంటలు వస్తాయి. ఎందుకు రావు?

జూలై 4

బల్బులు కట్టడం అయిపోయింది. గడ్డికి వచ్చిన అలివేలమ్మక్క గట్టు మీదే నిలబడిపోయింది.

"ఏందిమే లోకేశ్వరీ, సెట్లకు గూడా పెండ్లి జేస్తాండావా? లైట్లు కట్టినావు!"

"పెండ్లి గాదక్కా. చామంతికి రాత్రి పొడుగైతే సాలు, జానెడు ఉన్నప్పుడే మొగ్గేసేస్తాది. సెట్టుకు నాలుగు పూలు, అంతే. లైటేస్తే ఇంకా పొద్దుండాదనుకోని పెరుగుతానే ఉంటాది. బాగా గుబురైనాక ఆపేస్తే అప్పుడు తోటంతా ఒక్కసారి పూస్తాది."

"అంటే దాన్ని ఏమారుస్తాండావు."

"అంతే."

"మీ ఆయన్ను గూడా ఇట్లే ఏమారుస్తాండావా, తిరపతిలో పెట్టి?"

ఆమె పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆమె గడ్డిమోపు ఎత్తుకుని వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాను.

వీ.కోట పక్క చామంతి వేసేవాళ్ళందరూ ఇదే చేస్తారు. పొద్దు గూకగానే లైట్లు వేసి, పడుకునే ముందు ఆపుతారు. వాళ్ళ తోటల్లో కరెంటు ఉంది. మా చేనుకు లైను రాలేదు, వచ్చే సూచనా లేదు. నీళ్ళకు సోలార్ మోటారు, లైట్లకు ఈ బ్యాటరీ. షెడ్డు రేకుల మీద రెండు సోలార్ పలకలు పెట్టాను, పగలంతా అవి దాన్ని నింపుతాయి. మా ఊళ్ళో ఈ పని చేసేది నేనే మొదలు. అందుకే అందరి కళ్ళూ నా తోట మీదే ఉన్నాయి.

జూలై 5

నిన్న ఎనిమిది కాకముందే ఆరిపోయాయి. మబ్బు పట్టింది కదా, చార్జింగ్ ఎక్కి ఉండదు.

జూలై 6

ఈ రోజు ఎండ పేలిపోయింది. అయినా ఎనిమిదికే ఆరిపోయాయి. వైర్లు సన్నవి, అదీ కారణం.

జూలై 7

ఎనిమిది. బల్బులు నాసిరకం. అంగడివాడు మొహం చూసి అంటగట్టాడు.

జూలై 8

ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

జూలై 11

వైర్లు మార్చాను. బల్బులు మార్చాను. ఇంక తిట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఈ రోజు పట్టపగలు లైట్లు వేశాను. బ్యాటరీని మధ్యాహ్నం దాకా నింపి, పలకల వైరు పీకేసి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నిండు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కళ్ళతో చూస్తే గానీ నమ్మకూడదని.

ఎర్రటి ఎండలో నలభై బల్బులు వెలుగుతుంటే దారిన పోయేవాళ్ళకు పండగైపోయింది. అలివేలమ్మక్క పనిగట్టుకుని వచ్చింది. "ఏంమే, సూరీడికి దోవ సూపిస్తాండావా?" అంది. ఆమె వెనకాల ఇద్దరు ముగ్గురు. పలికితే గడియారం తప్పిపోతుందన్నట్టు కూర్చున్నాను.

గంటన్నర. అంతే. ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది.

అయిదు గంటలు అనుకున్నది గంటన్నర. ఆయన సగం అన్నాడు, అంటే రెండున్నర. అది కూడా రాలేదు. ఆయన లెక్కా తప్పేనని తెలిసి కాస్త ఊపిరి వచ్చింది.

అందరూ వెళ్ళిపోయాక షెడ్డులో కూర్చుని ఏడ్చాను. బ్యాటరీ కోసం ఎవరైనా ఏడుస్తారా?

జూలై 13

సగం బల్బులు తీసేస్తే మూడు గంటలు వస్తాయి. కానీ ఏ సగాన్ని చీకట్లో వదిలేయాలి? పొద్దున ఒక పక్క తీశాను, సాయంత్రం మళ్ళీ పెట్టేశాను.

జూలై 15

వాన. అరగంట వెలిగాయి.

జూలై 16

వాన. ఫోన్ రాలేదు. సిగ్నల్ ఉందో లేదో అని గట్టు మీదికి వెళ్ళి చూశాను, ఊరికే. ఉంది.

జూలై 19

మొగ్గలు.

జూలై 20

నిన్న ఒక్క మాటకంటే రాయలేకపోయాను. పొద్దున చెట్లకు నీళ్ళు పెడుతూ చూశాను. ఆవగింజంత మొగ్గలు, కొసకొసకూ. చెట్లేమో ఇంకా జానెడు దాటలేదు. ఇవి ఇప్పుడే పూసేస్తే దసరాకు తోటలో ఎండు పుల్లలు తప్ప ఏమీ ఉండవు. నిన్నంతా ట్రంకుపెట్టెలో ఏ చీరలు పెట్టుకోవాలా అని ఆలోచించాను. తిరుపతిలో ఆయన గదికి కిటికీ ఒక్కటే. అది కూడా పక్క లాడ్జీ గోడకు తెరుచుకుంటుంది.

ఈ రోజు మళ్ళీ వెళ్ళాను. తోటకు దండం పెట్టుకుని వద్దామని కాబోలు. సాలు సాలూ నడిచాను. అంతటా మొగ్గలే. ఉత్తరం గట్టు దగ్గరికి వచ్చాక కాలు ఆగిపోయింది. అక్కడ నాలుగు సాళ్ళలో ఒక చోట, బండి నిలిపేంత మేర, మొగ్గ లేదు. చెట్లు ముదురాకు పచ్చగా, ఎత్తుగా, ఏమీ తెలియనట్టు పెరుగుతున్నాయి.

ఆ గట్టుకు అవతల ప్రేమానందమన్న శెనక్కాయ చేను. అడవిపందుల కావలికి గట్టు మీదే మంచె కట్టుకుని రాత్రిళ్ళు అక్కడే పడుకుంటాడు. ఆయన చర్చికి బయలుదేరి, తెల్లచొక్కాలో చేనును ఒకసారి చూసుకోవడానికి వచ్చాడు.

"అన్నా, ఈ పక్క ఏమన్నా మందు సల్లినావా?"

"నేనేం సల్లలే లోకమ్మా. నీ తోట కోసం ప్రార్థన మాత్రం జేస్తాండా, దినామూ."

"ఎప్పుడు?"

"అద్దరేత్రి. నాకా పొద్దుకు మెలకువొస్తాది. పందులు దిగేదీ అప్పుడే గదా. లైటేసుకోని గంటో గంటన్నరో వాక్యం సదువుకుంటా. నీ పేరు గూడా దేవునికి ఒక మాట సెప్పి, లైటాపేసి పండుకుంటా."

"లైటు యాడ పెడ్తావన్నా?"

"ఇదో, ఈ గుంజకే. పందులొచ్చేది నీ తోటలో నుంచే గదా, నీ పక్కకే తిప్పి పెడ్తా."

గుంజకు సోలార్ లాంతరు వేలాడుతోంది. దాని కింద సరిగ్గా ఆ మొగ్గలేని చెట్లు. ఆయన కూడా వంగి చూశాడు. మొగ్గ ఉన్న చెట్టునూ లేని చెట్టునూ చూసి, రెండు చేతులూ జోడించాడు. "సూస్తివా, ఆలకించినాడు" అన్నాడు. అవునన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

తర్వాత గట్టు మీద కూర్చుని ఆలోచించాను. ఆయన లాంతరు వెలిగేది గంటో గంటన్నరో. నా బల్బులు వెలిగేదీ అంతే. మరి ఆయన చెట్లు ఆగాయి, నావి ఆగలేదు. తేడా ఒక్కటే, ఆయనది నడిరేయి. అంటే చామంతి వెలుగును లెక్కపెట్టడం లేదు. చీకటిని లెక్కపెడుతోంది, తెంపు లేకుండా ఎంతసేపు ఉందా అని. పొడుగాటి చీకటిని ఒక కొస కత్తిరిస్తే ఇంకా పొడుగుగానే మిగులుతుంది. నడిమికి తుంచితే రెండూ పొట్టి ముక్కలే.

వీ.కోట వాళ్ళకు కరెంటు ఉంది కాబట్టి గంటలకు గంటలు వేసుకున్నారు, వాళ్ళకు ఈ ఆలోచన అక్కర్లేకపోయింది. నేను వాళ్ళను చూసి వేళ నేర్చుకున్నాను, సంగతి నేర్చుకోలేదు. నాకు అయిదు గంటలు అక్కర్లేదు. నా దగ్గరున్న గంటన్నర చాలు, పెట్టాల్సిన చోట పెడితే.

తప్పు కావచ్చు. లాంతరు కింద మట్టి మంచిదేమో. అయినా ట్రంకుపెట్టె మూత వేసేశాను.

జూలై 22

రెండు రోజులుగా షెడ్డులోనే పడుకుంటున్నాను. ఫోన్‌లో నడిరేయికి పెట్టిన అలారం మోగగానే లేచి లైట్లు వేస్తాను, అవి ఆరిపోయేసరికి నేనూ నిద్రపోతాను. పగలంతా అలివేలమ్మక్కా నేనూ మొగ్గలు తుంచుతున్నాం. తుంచిన చోట పక్క కొమ్మలు లేస్తాయి. ఆమె తుంచుతున్నంతసేపూ ఎవరి ఇంట్లో ఏ గొడవో చెబుతూనే ఉంది. మా ఇంటి గొడవ ఒక్కటి ఎత్తలేదు. మంచిదే.

ఇంకో ఆరు సాళ్ళు మిగిలాయి. వేళ్ళు నల్లబడి వంగడం లేదు. పోతే పోనీ అని వదిలేశాను.

జూలై 23

చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. నిద్ర చాలడం లేదు.

జూలై 27

కొత్త చిగుళ్ళు వచ్చాయి. మొగ్గలు లేవు. ఇంకోసారి వెళ్ళి చూశాను. లేవు.

జూలై 28

నిన్న అలారం వినపడలేదు. తెల్లారి లేచి తలబాదుకున్నాను. ఒక్క రాత్రికి ఏమీ కాదులే. కానీ రేపు కూడా ఇలాగే అయితే?

వేళకు దానంతట అదే వేసి ఆపే స్విచ్ ఉంటుందట. ఎవరిని అడగాలో తెలుసు. అడగను.

జూలై 29

అడిగాను.

గట్టు మీద నిలబడి చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఏమే, బాగుండావా?"

"ఉండా. టైముకు దానంతటదే లైట్లేసి ఆపే స్విచ్చి దొరుకుతాదా ఆడ?"

"దొరుకుతాది. ఎంతసేపటికి పెట్టాల?"

"గంటన్నర."

వెనక బస్సు ఇంజను గుర్రుమంటోంది.

"అయిదు గంటలంటివే."

"నువ్వు సగమంటివి. సగం గూడా రాలే. నీ లెక్క గూడా తప్పే."

ఆయన నవ్వాడు. నెల అయింది ఆ నవ్వు విని. "సరే పో, ఇద్దరిదీ తప్పే. ఆదివారం తెస్తా" అన్నాడు.

"ఈసారి తిని పో" అన్నాను. అప్పటికే పెట్టేశాడో, విన్నాడో తెలియదు.

ఆగస్టు 3

విన్నాడు. రెండు ముద్దల సంగటి తిన్నాడు, చింతచిగురు పప్పుతో.

దానికి ముందు బ్యాటరీ దగ్గర కూర్చున్నాడు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోశాడు. వైరు బిగించే చోట పట్టిన తెల్లటి బూజు వేడినీళ్ళతో కడిగి, గ్రీజు పూశాడు. స్విచ్ బిగించి, పగటిపూటే ఒకసారి వేసి చూపించాడు. నేను ఆ తెల్లటి దాన్ని ఇన్నాళ్ళూ విభూతి అనుకున్నానని చెబితే నమ్మలేదు. నిజమే మరి, లాడ్జీలో ఎవరో పూజ చేసి పెట్టారేమో అనుకున్నాను.

తోటలోకి తీసుకెళ్ళి ప్రేమానందమన్న లాంతరు కింది చెట్లు చూపించాను. చీకటి సంగతి చెప్పాను. ఆయన ఒక కొమ్మ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదంతా నీకెవురు జెప్పినారు?"

"ఎవురూ సెప్పలే. సూస్తే కనపడింది."

ప్రేమానందమన్న కూడా వచ్చి ప్రార్థన సంగతి చెప్పాడు. మా ఆయన దానికీ తల ఊపాడు. ఇద్దరి మాటా నమ్మినట్టే కనిపించాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు చెప్పాడు. "బ్యాటరీని సగానికి మించి వాడినావంటే దాని ఆయుస్సు తగ్గిపోతాది లోకా. మా డిపోలో కుర్రోళ్ళకు దినామూ సెప్పే మాట అది. ఆ పొద్దు నేనన్నది బ్యాటరీని, నిన్ను గాదు."

"మరి ఆ పొద్దే సెప్పొచ్చు గదా?"

"నువ్వు సెప్పనిస్తేనా?"

బస్సు వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగి, "పూలొస్తాయిమే" అన్నాడు. చెయ్యి ఊపాను.

ఆగస్టు 13

చెట్లు మోకాలెత్తు పెరిగాయి, ఒక్కొక్కటి గంపంత గుబురుగా. ఈ రోజు స్విచ్ తీసేశాను. ఇక రాత్రిని రాత్రిగానే వదిలేయాలి. ఇన్నాళ్ళూ చీకటికి భయపడి ఇప్పుడు కావాలనడం వింతగా ఉంది. రాకపోతే? వస్తాయి.

ఆగస్టు 26

రేపు వినాయక చవితి. నేను తుంచకుండా వదిలేసిన ఆరు సాళ్ళున్నాయి కదా, అవి పసుప్పచ్చగా విరగబూశాయి. పొట్టి చెట్లే, తక్కువ పూలే, కానీ చవితి ముందు రోజు పూలకు ఎవరు ఎత్తు చూస్తారు? వీ.కోట మార్కెట్లో గంప దించకముందే అయిపోయాయి. అలివేలమ్మక్కకు ఒక మూర ఇస్తే, "అలిసిపోయి వదిలేసినా పండినాయి సూడు నీకు" అంది. ఒక దండ మంచె గుంజకు కట్టాను. ప్రేమానందమన్న దాన్ని విప్పలేదు.

సెప్టెంబర్ 12

మొగ్గలు. జూలైలో ఇదే మాట రాశాను. ఈ రోజు ఆ ఒక్క మాటతో ఆగడం లేదు. తోటంతా ఒకేసారి, చెట్టుకు లెక్కలేనన్ని. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఊరికే కాదు, చెప్పాలనే చేశాను.

సెప్టెంబర్ 28

పూశాయి. దసరాకు ఇంకా నాలుగు రోజులు ఉండగానే పూశాయి. అమ్మ ఉంటే గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతూ ఎవరెవరు చూస్తున్నారో చూసేది. ఆమె కూర్చునే చోట ఒక దోసెడు పోసి వచ్చాను.

అక్టోబర్ 1, తిరుపతి

ఆయుధపూజ. పూల మూటలతో మొదటి బస్సుకు వచ్చాను. బ్రహ్మోత్సవాల రద్దీకి డిపోలో ఎవరికీ సెలవు లేదు. అందుకే ఆయన రాలేదు, నేనే వచ్చాను. సగం మూటలు మార్కెట్లో దించి, మిగతావి డిపో గేటు దగ్గర దించాను.

కడిగిన బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. అద్దాలకు పసుపు, కుంకుమ, విభూతి బొట్లు. గ్రీజు చేతులతో మెకానిక్కులు నా చామంతి దండలు కడుతున్నారు. ఆయన కనిపించిన ప్రతివాడితో "మా ఆమె తోటవిబ్బా" అంటున్నాడు. ఒకడు, "దండ ఇంకా పొడుగుంటే బాగుండు" అన్నాడు. ఆయన వాడి మీదికి ఎగిరాడు. చివరికి మిగిలిన మూరెడు తీసుకెళ్ళి, బ్యాటరీలు చార్జింగ్ పెట్టే బల్లకు తనే కట్టాడు.

టీ అంగడి దగ్గర మెల్లిగా చెప్పాడు. "సేను నీదే. మాట ఇచ్చినా గదా, నోరెత్తను. ఇంగో మాట. పలమనేరు డిపోకు బదిలీ అడిగినా. ఉగాదికల్లా ఇస్తామన్నారు."

నేను టీ ఊదుకుంటూ కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, టీ వేడికి అనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఇప్పుడు తిరుగు బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. లెక్క ఇది. ఉగాది అంటే ఆరు నెలలు. పైవాళ్ళు చెప్పిన గడువు కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకున్నాను, ఏడాది. అటు పక్క నా ఓపిక ఎంతుందో చూసుకున్నాను. అందులో సగమే నమ్ముకున్నాను.

సరిపోతుంది. ఈసారి శేషం కూడా మిగిలింది.